నీళ్ల కుండ దగ్గర చుట్టాలు

1918 నవంబరులో బాబాసాహెబ్ అంబేడ్కర్ బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో అర్థశాస్త్ర ఆచార్యుడిగా చేరారు. అప్పటికే కొలంబియాలో చదువు ముగించారు. లండన్ చదువు మధ్యలో ఆపి వచ్చారు. ఆయన పాఠం వినడానికి వేరే కాలేజీల విద్యార్థులు కూడా వచ్చి కూర్చునేవారు. ఆ కాలేజీలో అధ్యాపకుల కోసం ఒక నీళ్ల కుండ ఉండేది. అందులో నీళ్లు ఈయన తాగడానికి వీల్లేదని తోటి అధ్యాపకులు కొందరు అభ్యంతరం చెప్పారు.

ఈ సంగతిని మనం అంటరానితనానికి ఒక ఉదాహరణగా చదివి పేజీ తిప్పేస్తాం. కాస్త ఆగి చూస్తే ఇందులో ఇంకో విషయం కనబడుతుంది. అభ్యంతరం చెప్పినవాళ్లు ఊరి పెత్తందార్లు కారు, గుడి పూజారులు కారు. అదే కాలేజీలో, అదే జీతాల పట్టీలో పేర్లున్నవాళ్లు. రోజూ ఒకే గంట మోగితే ఒకే వరండాలో నడిచి తరగతికి వెళ్లేవాళ్లు. ఇవాళ మనలో చాలామంది ‘ఆఫీసే మాకు రెండో ఇల్లు, అక్కడి స్నేహితులే మా అసలు చుట్టాలు’ అంటుంటారు. ఆ మాట అబద్ధమని మేం అనం. సొంత అన్నదమ్ములు తలుపు వేసుకున్న రోజున తోటి ఉద్యోగి వచ్చి ఆసుపత్రిలో రాత్రంతా కూర్చోవడం మనకు తెలిసినదే. అయితే ఆ చుట్టరికం పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నంత మాత్రాన పుట్టలేదు. అది ఎక్కడ పుట్టింది, ఎక్కడ పుట్టలేదు అన్నది చరిత్రలో వెతకదగిన ప్రశ్న.

సిడెన్‌హామ్‌కు ముందటి ఏడాది బరోడా. సంస్థానం ఇచ్చిన విద్యార్థి వేతనానికి బదులుగా అక్కడ ఉద్యోగం చేయాలి కనుక 1917లో ఆయన ఆ ఊరు వెళ్లారు. కార్యాలయంలో బంట్రోతులు కాగితాల కట్టలను ఆయన బల్ల మీదికి దూరం నుంచి విసిరేవారు. తాగడానికి నీళ్లుండేవి కావు. ఉండడానికి ఇల్లు దొరక్క ఒక పార్శీ సత్రంలో పార్శీ పేరు పెట్టుకుని దిగారు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చిన గుంపు ఆయన్ని అక్కడినుంచి వెళ్లగొట్టింది. ఆ పూట ఆయనకు గుర్తొచ్చింది ఇద్దరు మిత్రులు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. మొదటివాడు, నువ్వు మా ఇంటికి వస్తే నౌకర్లందరూ వెళ్లిపోతారన్నాడు. రెండోవాడు, ఇంటావిడ ఊళ్లో లేదు, ఆమె వచ్చాక అడిగి చెబుతానన్నాడు. ఆ దంపతులు బ్రాహ్మణ కుటుంబాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు. ఇరవై ఆరేళ్ల అంబేడ్కర్ రైలు వేళ దాకా ఊరి తోటలో కూర్చున్నారు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఇది ఆయనే రాసుకున్నారు. ఆ ఇద్దరూ దుర్మార్గులని ఆయన రాయలేదు. వాళ్లు నిజంగా మిత్రులే. గడప దాకా మిత్రులు.

చదువుకున్నవాళ్ల సంగతి ఇలా ఉంటే, శ్రమజీవుల్లో వేరుగా ఉందేమో అనుకుందాం. బొంబాయి నూలు మిల్లుల్లో వేలమంది దళితులు పనిచేసేవారు. కాని నేత ఖాతాలోకి వాళ్లకు ప్రవేశం లేదు. జీతం ఎక్కువుండేది ఆ ఖాతాలోనే. నాడెలో కండె మార్చినప్పుడల్లా తెగిన దారాన్ని కంటిలోంచి నోటితో పీల్చి లాగాలి. ఒకరి ఎంగిలి ఇంకొకరి నోటికి తగులుతుంది. అంటరానివాడు ముట్టిన నాడెను మేం నోట పెట్టుకోం అన్నారు తోటి కార్మికులు. 1928 సమ్మెలో కార్మికుల కోరికల జాబితాలో ఈ అన్యాయాన్ని కూడా చేర్చాలని బాబాసాహెబ్ పట్టుబట్టారు. నాయకులు అయిష్టంగానే చేర్చారు. అప్పుడు మిల్లు యజమానులు అన్నదేమిటంటే, ఇది మేం పెట్టిన కట్టుబాటు కాదు కదా అని. ఆ ఒక్క విషయంలో యజమానులు నిజం చెప్పారు. ఒకే సైరన్‌కు లేచి, ఒకే దుమ్ము పీల్చి, ఒకే యజమానితో పోరాడుతున్నవాళ్లు ఒక దారప్పోగును పంచుకోలేకపోయారు.

పని మనుషుల్ని పక్కపక్కన నిలబెడుతుంది. చుట్టాల్ని చేయాలంటే ఇంకేదో జరగాలి. అది ఏమిటో తథాగతుడి కాలపు వినయ పిటకంలోనూ సుత్తాల్లోనూ చాలా స్పష్టంగా ఉంది. మనం ధమ్మచక్కాన్ని, పరినిబ్బానాన్ని చదివినంత శ్రద్ధగా ఈ చిన్న కథలను చదవం.

శాక్య కుమారులు భద్దియ, అనురుద్ధ, ఆనంద, భగు, కింబిల, దేవదత్తుడు, ఈ ఆరుగురూ ఇల్లు విడిచి బయలుదేరినప్పుడు వెంట మంగలి ఉపాలి ఉన్నాడు. సరిహద్దు దాటాక నగలన్నీ మూటగట్టి అతనికిచ్చి వెనక్కి వెళ్లమన్నారు. ఉపాలి ఆ మూటను చెట్టుకు వేలాడదీసి వాళ్లనే అనుసరించాడు. అనుపియ మామిడితోటలో బుద్ధుడి ముందు నిలబడి శాక్యులు ఒక కోరిక కోరారు. ఇన్నాళ్లూ మాకు సేవ చేసిన ఇతనికి ముందుగా ప్రవ్రజ్య ఇవ్వండి, ఇతను మాకంటే పెద్దవాడైతే మేం లేచి నమస్కరించాల్సి వస్తుంది, మా శాక్య గర్వం అణుగుతుంది అన్నారు. సంఘంలో వరస పుట్టుకను బట్టి కాదు, చేరిన వేళను బట్టి. కొన్ని నిమిషాల తేడాతో మంగలి అన్నగారయ్యాడు, రాజకుమారులు తమ్ముళ్లయ్యారు. ఉపాలి తర్వాత వినయంలో అగ్రగణ్యుడైన సంగతి మనందరికీ తెలుసు. మేం ఇక్కడ చూపదలచింది ఆ ఆరుగురిలో ఇద్దరిని: అనురుద్ధుడు, కింబిలుడు.

వీళ్లిద్దరూ నందియుడితో కలిసి గోసింగ సాలవనంలో ఉంటుండగా ఒక సాయంత్రం బుద్ధుడు చూడవచ్చాడు. ఎలా ఉంటున్నారని అడిగాడు. పాలూ నీళ్లూ కలిసినట్టు ఉంటున్నాం అన్నారు. సరే, అది ఎవరైనా అనగలిగే మాట. ఎలాగో చెప్పమన్నప్పుడు అనురుద్ధుడు చెప్పిన వివరం చూడండి. భిక్ష నుంచి ముందు వచ్చినవాడు ఆసనాలు పరిచి, తాగే నీళ్లు, కాళ్లు కడిగే నీళ్లు సిద్ధం చేస్తాడు. చివర వచ్చినవాడు మిగిలింది తిని, చోటు ఊడ్చి, సామాను సర్దుతాడు. తాగే నీళ్ల కుండ గాని, కడుక్కునే నీళ్ల కుండ గాని, మరుగు దగ్గరి కుండ గాని ఖాళీ అయినట్టు ఎవరి కంట పడితే వాళ్లు నింపుతారు. ఒక్కడి వల్ల కాకపోతే చేత్తో సైగ చేసి ఇంకొకణ్ణి పిలుస్తాడు, ఇద్దరూ చెరో చెయ్యి వేసి మోస్తారు. మాట్లాడాల్సిన పని కూడా ఉండదు. అయిదు రాత్రులకొకసారి మాత్రం తెల్లవార్లూ కూర్చుని ధమ్మం మాట్లాడుకుంటారు.

మరుగు దగ్గరి కుండను కూడా లెక్కలో చేర్చి చెబుతున్న ఈ అనురుద్ధుడు ఎవరు? కష్టం ఎరుగని ఇంట పుట్టినవాడు, మూడు కాలాలకు మూడు మేడలున్నవాడు. ఆ చేతులు ఆ కుండను మోసే స్థితికి ఎలా వచ్చాయన్నదానికి జవాబు అనుపియ తోటలో ఉంది. ముందు ఉపాలికి మొక్కారు, తర్వాత కుండ మోశారు. ఈ వరస తిరగబడితే కుదరదని సిడెన్‌హామ్ చెబుతోంది.

వినయంలో ఇంకో కథ ఉంది. ఒక భిక్ఖువు విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉండగా బుద్ధుడూ ఆనందుడూ అటు వచ్చారు. నీకు సేవ చేసేవాళ్లు లేరా అని అడిగితే లేరన్నాడు. ఎందుకు లేరంటే, నేను వీళ్లెవరికీ ఏమీ చేసిపెట్టలేదు భంతే, అందుకని వీళ్లు నాకు చేయరు అన్నాడు. ఎంత మామూలు మాట! ఇచ్చిపుచ్చుకోవడాల లెక్క. మన కార్యాలయాల్లోని స్నేహాలు చాలావరకు ఈ లెక్క మీదే నడుస్తాయి. నువ్వు నా డ్యూటీ చూడు, నేను నీ సెలవు చూస్తాను. బుద్ధుడు ఆ లెక్కను ఒప్పుకోలేదు. ఆనందుడు నీళ్లు తెస్తే ఆయన పోశాడు, ఆనందుడు కడిగాడు. తలవైపు ఆయన, కాళ్లవైపు ఆనందుడు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత సంఘాన్ని కూర్చోబెట్టి, ఇక్కడ మీకు తల్లి లేదు, తండ్రి లేడు, ఒకరికొకరు చేసుకోకపోతే ఇంకెవరు చేస్తారని అడిగాడు. అంతటితో వదల్లేదు. రోగిని చూడవలసింది ముందుగా ఎవరు, వాళ్లు లేకపోతే ఎవరు అని వరస చెప్పి, ఎవరూ లేకపోతే సంఘమంతటిదీ బాధ్యత అని నియమం చేశాడు. చూడకపోతే దోషం. ఎవరికీ ఏమీ చేయని మనిషి దగ్గర ఈ నియమం పుట్టడమే మాకు విశేషంగా తోస్తుంది.

ఇది భిక్ఖువుల సంగతి. ఇళ్లూ వృత్తులూ ఉన్నవాళ్ల మాటేమిటి? సంఘం, గణం అనే మాటలు బుద్ధుడు కొత్తగా పుట్టించినవి కావు, గణరాజ్యాలకూ వృత్తులవారి సమూహాలకూ అప్పటికే ఉన్నవే. సాంచీ దక్షిణ తోరణం మీద విదిశ దంతపు పనివాళ్లు కలిసి చెక్కించిన దానం ఉంది. మన భట్టిప్రోలు ధాతు పేటికల మీద గోష్ఠుల పేర్లున్నాయి, వాటిలో ఒకదానికి కుబీరక రాజే ముఖ్యుడు. కాని మేం ఆగి చూడమనేది అమరావతి స్తూపంలోని ఒక పలక దగ్గర.

ఆ పలకను దానం చేసినవాడు విధికుడు. చమ్మకారుడు, అంటే తోలు పని చేసేవాడు. తండ్రి పేరు నాగుడు, ఉపజ్ఝాయుడు, అంటే అధ్యాపకుడు. చదువు చెప్పే తండ్రికి తోలు పని చేసే కొడుకు, ఆ కొడుకు ఇచ్చిన రాయి మహాచైత్యం మీద. మన పాఠ్యపుస్తకాల్లో శాతవాహనుల నాణేలకు ఉన్నంత చోటు ఇతనికి ఎప్పుడైనా దొరికిందా? దానంలో తనతో పాటు ఎవరెవరున్నారో విధికుడు చెక్కించాడు: తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు. ఆ తర్వాత ఒక్క సమాసంలో జ్ఞాతులు, మిత్రులు, బంధువులు. ‘మిత’ అనే ఆ రెండక్షరాలు జ్ఞాతులకూ బంధువులకూ నడుమ ఉన్నాయి. పుణ్యం పంచుకునే వరసలో మిత్రుడు ఇంటివాళ్లతో సమానంగా నిలబడ్డాడు. ఆ మిత్రుల్లో తోళ్లు నానబెట్టే తొట్టి దగ్గర విధికుడి పక్కన నిలబడ్డవాళ్లు ఉండే ఉంటారని మా ఊహ.

ఆ పలక మీద ఏం చెక్కారో కూడా శాసనమే చెబుతోంది. పుణ్ణఘటం. నిండు కుండ. తోలు పనివాడు ఇచ్చిన నిండు నీళ్ల కుండ! 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమరావతి శిల్పం నుంచి పూర్ణఘటాన్ని తీసుకుని రాష్ట్ర చిహ్నం నడుమ పెట్టుకుంది. ప్రతి జీవో మీదా, ప్రతి కార్యాలయం గోడ మీదా ఇప్పుడు ఆ కుండ ఉంది. అలాంటి కుండను ఒకప్పుడు చమ్మకారుడు ఇచ్చాడన్న సంగతి ఆ కార్యాలయాల్లో ఎందరికి తెలుసు?

తర్వాత చాలా శతాబ్దాలు మన నేల మీద ఈ తీగ తెగిపోయింది. మళ్లీ చిగురించిన చోట్లలో ఒకటి కోలారు బంగారు గనులు. అది మనకు పరాయి ఊరు కాదు. చిత్తూరు జిల్లా దాటితే కోలారు, అక్కడి పల్లెల్లో ఇప్పటికీ తెలుగు వినబడుతుంది. 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ అక్కడ గనులు తవ్వించింది. 1902లో శివసముద్రం నుంచి కరెంటు వచ్చింది, అది యంత్రాలకు, దొరల బంగళాలకు. తవ్వేవాళ్లు ఉత్తర ఆర్కాటు నుంచి, చిత్తూరు వైపు నుంచి, సేలం నుంచి కూలికి వచ్చిన అంటరాని కులాలవాళ్లు, తడికెల గుడిసెల వరసల్లో కాపురాలు. లోపల వేడి, రాతి దుమ్ము, ఉన్నట్టుండి పేలి మీద పడే రాయి. చాంపియన్ రీఫ్ గని చివరికి మూడు కిలోమీటర్ల లోతు దాటింది. అంత లోతులో రాయి కింద ఇరుక్కున్న మనిషిని లాగేది పక్కనున్నవాడే. ఊళ్లోని అన్నకు ఆ కబురు చేరేది ఎన్నో రోజుల తర్వాత.

అయోతీదాస్ పండితర్ 1898లో కర్నల్ ఆల్కాట్ సాయంతో సింహళం వెళ్లి, సుమంగళ మహానాయక థేరుల దగ్గర పంచశీల తీసుకుని వచ్చి మద్రాసులో శాక్య బౌద్ధ సంఘం పెట్టారు. 1907లో మొదలైన ఆయన వారపత్రిక ‘తమిళన్’కు గనుల్లో మంచి ఆదరణ దొరికింది. మారికుప్పంలోనూ చాంపియన్ రీఫ్‌లోనూ సంఘానికి శాఖలు లేచాయి. నడిపింది గనుల చుట్టూ బతికేవాళ్లే. మద్రాసులో ఈ ఉద్యమానికి పెద్ద దిక్కుగా నిలిచిన ఆచార్య పోకల లక్ష్మీనరసు మన తెలుగువారు, రసాయనశాస్త్రం బోధించేవారు. ఆయన ‘ది ఎసెన్స్ ఆఫ్ బుద్ధిజం’ను బాబాసాహెబ్ 1948లో తన ముందుమాటతో తిరిగి అచ్చు వేయించారు. పండితర్ 1914లో కన్నుమూశాక ఉద్యమం మద్రాసులో నీరసించినా గనుల్లో నిలిచింది. 1920లలో ‘తమిళన్’ అచ్చయింది చాంపియన్ రీఫ్ నుంచే, అప్పాదురైయార్ సంపాదకత్వంలో.

గని కార్మికులకు విహారం ఎందుకు కావలసి వచ్చింది? ప్రసంగాల కోసం మాత్రమే కాదు. పిల్లకు పేరు పెట్టాలి, పెళ్లి చేయాలి, శవాన్ని మోయాలి. ఊళ్లో అయితే ఈ మూడింటికీ కులం ఉంది, కులపెద్ద ఉన్నాడు, అవమానం చేసే పురోహితుడూ ఉన్నాడు. గనుల్లో ఈ మూడు పనులనూ సంఘం చేతిలోకి తీసుకుంది. గనిలో పక్కన తవ్వేవాడు పెళ్లికి పెద్దయ్యాడు, పాడెకు భుజమిచ్చాడు. కొత్త వరసలు పెట్టుకుని బతకడం నేర్చినవాళ్లే 1930లో కంపెనీ వేలిముద్రలు తీసి నమోదు చేస్తామన్నప్పుడు పని ఆపి నిలబడ్డ జనంలోనూ ఉన్నారు. 2001లో గనులు మూతబడ్డాయి.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. గనుల్లో బౌద్ధులైనవాళ్లలో ఎక్కువమంది ఒకే కులం వాళ్లు, పరయర్లు. కొత్త చుట్టరికం చాలా చోట్ల పాత చుట్టరికం గీసిన గీత లోపలే పెరిగింది. వాళ్లను తప్పుపట్టే అర్హత మనకు లేదు. మన తెలుగు బౌద్ధ సంఘాలను చూసుకుందాం. వీటిని కట్టినవాళ్లు చాలావరకు సహోద్యోగులే. రైల్వేలోనో, విద్యుత్తు శాఖలోనో, బ్యాంకులోనో, బడిలోనో ఒకరికొకరు పరిచయమై, నెలనెలా జీతంలోంచి తీసి చోటు కొని, గోడ లేపారు. ఆదివారం వందన అయ్యాక ఒకే బిందె నీళ్లు తాగుతాం. జబ్బు చేస్తే వెళ్తాం, చనిపోతే మోస్తాం. పిల్లల పెళ్లి మాట వచ్చేసరికి మాల ఇల్లు మాల ఇంటివైపు, మాదిగ ఇల్లు మాదిగ ఇంటివైపు నడుస్తుంది. ఏళ్ల తరబడి పక్కపక్క బల్లల దగ్గర పనిచేసి, ఒకే డబ్బాలో తిని, ఒకే రోజు దీక్ష తీసుకున్న స్నేహితులు కూడా ఆ ఒక్క విషయం ఎత్తకుండా జాగ్రత్తపడతారు. మేమూ అందులోవాళ్లమే. బరోడా మిత్రుడు ఇంటావిణ్ణి అడిగి చెబుతానన్నట్టే, ఇంట్లో పెద్దవాళ్లున్నారు కదా అంటాం.

బాబాసాహెబ్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో ఈ సంగతి తేల్చి చెప్పారు. సహపంక్తి భోజనాలు కులాన్ని చంపలేకపోయాయని, రక్తం కలిస్తేనే మనవాళ్లం అనే భావం పుడుతుందని ఆయన వాదన. కలిసి నీళ్లు తాగడం అందులో మొదటి మెట్టు కూడా కాదేమో. అయితే 1954లో ఆకాశవాణి ప్రసంగంలో స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం అనే మూడింటినీ తాను ఫ్రెంచి విప్లవం నుంచి కాక బుద్ధుడి నుంచే తీసుకున్నానని చెప్పినప్పుడు, సోదరభావానికి అన్నిటికంటే పైచోటు ఇచ్చారు. పెళ్లి ఇద్దరి మధ్య జరుగుతుంది. ఆ ఇద్దరి చుట్టూ నిలబడే జనం ఎక్కడినుంచి రావాలి? మన అనుభవంలో కులాంతర వివాహాల్లో సాక్షి సంతకాలు పెట్టేది, అద్దె ఇల్లు వెతికిపెట్టేది, మొదటి నెల బియ్యం పోసేది చాలాసార్లు కలిసి పనిచేసే స్నేహితులే. రక్తం కలవడానికి ముందు గొడుగు పట్టేవాళ్లు వాళ్లు. అందుకని ఈ స్నేహాన్ని తక్కువ చేయలేం, దానితోనే సరిపెట్టుకోనూలేం.

బరోడాలో నీళ్లివ్వని కార్యాలయం దగ్గర మొదలుపెట్టాం కనుక ఢిల్లీ అలీపూర్ రోడ్డు 26వ నంబరు ఇంటిని కూడా చూడాలి. పంజాబులోని హోషియార్‌పూర్ జిల్లా నుంచి వచ్చిన నానక్ చంద్ రత్తూ ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. పగలు తన ఆఫీసు పని చూసుకుని సాయంత్రం బాబాసాహెబ్ ఇంటికి వచ్చి టైపు చేసేవాడు. ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’ అతని వేళ్ల మీదుగా కాగితం మీదికి వచ్చింది. రత్తూ సేవ గురించి మనవాళ్లు భక్తి కథలా చెబుతారు, మాకది అంతగా నచ్చదు. అతనికీ ఇల్లుంది, అలసట ఉంది. రోజంతా ఒక ఆఫీసు, రాత్రి ఇంకో ఆఫీసు. అయినా రావడం అతని ఎంపిక. కళ్లు మసకబారి, కాళ్లు సహకరించని మనిషి పుస్తకం పూర్తికావాలని ఆ ఇద్దరూ కలిసి పనిచేశారు.

1956 డిసెంబరు 5 రాత్రి రత్తూ ఆయన కాళ్లు పట్టాడు, తలకు నూనె రాశాడు. బాబాసాహెబ్ కళ్లు మూసుకుని బుద్ధ వందన మెల్లగా పాడుకున్నారు, రేడియోగ్రామ్ మీద ఆ రికార్డు పెట్టించుకున్నారు. పదకొండు దాటాక సెలవు తీసుకుని గేటు దాకా వెళ్లిన రత్తూను వంటమనిషి సుదామ మళ్లీ పిలుచుకొచ్చాడు. పుస్తకం ముందుమాట, టైపు చేసిన ఉత్తరాలు మంచం పక్కన బల్ల మీద పెట్టమన్నారు బాబాసాహెబ్, రాత్రికి ఇంకోసారి చూస్తానని. రత్తూ పెట్టి వెళ్లాడు.

తెల్లవారి సవితా అంబేడ్కర్ చూసేసరికి ఆయన లేరు. ఆమె కారు పంపి రత్తూను పిలిపించారు. అతను వచ్చి, ఒంట్లో ఇంకా వెచ్చదనం ఉన్నట్టు తోచి, చేతులూ కాళ్లూ కదిలించి, గుండె మీద రుద్ది చూశాడు. ఆ తర్వాత లేచి, ఒక్కొక్కరికే కబురు చెప్పడం మొదలుపెట్టాడు.